గద్ద దగ్గర, విమానం దూరం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గద్దలూ విమానాలూ కలిసి కనిపించే ఆకాశం గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈ నెల జవాబులిస్తున్నాం. అక్కడక్కడా లెక్కలున్నాయి. పక్కన కాగితం, పెన్సిలు పెట్టుకుని చదివితే ఉపయోగం ఎక్కువ.

ప్రశ్న: సాయంత్రం మేడ మీద నిలబడితే ఒక గద్ద, పైన పోతున్న విమానం సరిగ్గా ఒకే సైజులో కనిపించాయి. గద్ద దాన్ని రాసుకుంటూ పోయిందనిపించి గుండె ఝల్లుమంది. నిజంగా అంత దగ్గరగా వస్తాయా? (ఖమ్మం)

జవాబు: ఒకే సైజులో కనిపించిన మాట నిజమే. ఒకే ఎత్తులో ఉన్నాయనుకోవడమే పొరపాటు. ఊరి మీదుగా దూరప్రయాణం చేసే జెట్ విమానాలు మామూలుగా 33,000 నుంచి 41,000 అడుగుల మధ్య పోతుంటాయి. 35,000 అడుగులంటే సుమారు 10.7 కిలోమీటర్లు. మన దగ్గర ఎక్కువగా తిరిగే ఎయిర్‌బస్ ఏ320 రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 35.8 మీటర్లు. నల్ల గద్ద రెక్కలు చాస్తే దాదాపు 1.4 మీటర్లు. తేడా ఇంచుమించు 25 రెట్లు. అంటే 10.7 కిలోమీటర్ల ఎత్తున విమానం ఎంత కనిపిస్తుందో, 420 మీటర్ల ఎత్తున గద్ద అంతే కనిపిస్తుంది. రెంటికీ మధ్య పది కిలోమీటర్ల ఖాళీ ఉంది.

సైజు ఒక్కటే కాదు, వేగం కూడా ఇలాగే మోసం చేస్తుంది. జెట్ సెకనుకు 250 మీటర్లు పోతుంది. రెక్కలు ఆడించకుండా గాలిలో జారే గద్ద సెకనుకు పది మీటర్లు పోతుంది. ఇక్కడా తేడా 25 రెట్లే! అందుకే రెండూ ఆకాశాన్ని ఒకే నడకతో దాటుతున్నట్టు ఉంటాయి. సైజూ వేగమూ రెండూ కలిసిపోయాక కంటిని తప్పుపట్టలేం.

దీన్ని ఇంట్లో ఉన్న పిల్లల స్కేలుతోనే కొలవచ్చు. ముందుగా చేయి పూర్తిగా చాచి, కంటి నుంచి స్కేలు దాకా ఎంత దూరమో ఇంకొకరి చేత కొలిపించుకోండి. పెద్దవాళ్ళకు 60 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. తర్వాత ఒక కన్ను మూసి, ఆకాశంలో ఉన్నది స్కేలు మీద ఎన్ని మిల్లీమీటర్లు ఆక్రమించిందో చూడండి. రెక్కల వెడల్పును మీటర్లలో తీసుకుని, 600తో గుణించి, ఆ మిల్లీమీటర్లతో భాగిస్తే దూరం మీటర్లలో వస్తుంది. నడినెత్తిన పోయే ఏ320 రెండు మిల్లీమీటర్లు ఉంటుంది, బియ్యపు గింజ మందమంత. 35.8ని 600తో గుణించి 2తో భాగిస్తే 10,740 మీటర్లు. అదే రెండు మిల్లీమీటర్ల గద్దకు 1.4 పెట్టి లెక్కేస్తే 420 మీటర్లు.

ఈ లెక్క తప్పేది మూడు చోట్ల. రెండు మిల్లీమీటర్ల దగ్గర అర మిల్లీమీటరు పొరబడితే దూరంలో నాలుగో వంతు తేడా వస్తుంది. విమానం నెత్తిమీద కాకుండా దిగంతం వైపు ఉంటే రెక్కలు కుదించుకుపోయి కనిపిస్తాయి, దూరం ఎక్కువగా తేలుతుంది. గద్ద మలుపు తిరుగుతూ పక్కకు ఒరిగినప్పుడూ అంతే, అది మళ్ళీ చదునుగా వచ్చేదాకా ఆగి కొలవాలి. విమానం రకం తెలియకపోయినా లెక్క చెడుతుంది. బోయింగ్ 777-300ఈఆర్ రెక్కలు 64.8 మీటర్లు, దాన్ని ఏ320 అనుకుంటే ఉన్న దూరంలో సగమే వస్తుంది.

స్కేలు లేకపోతే చెవిని నమ్ముకోండి. పది కిలోమీటర్ల పైనుంచి శబ్దం కిందికి రావడానికి అర నిమిషం పైనే పడుతుంది. ఆలోగా విమానం ఎనిమిది కిలోమీటర్లు ముందుకు పోతుంది. అందుకే మోత వినిపించే చోట విమానం ఉండదు, చాలా ముందు ఉంటుంది. మోత, విమానం ఒకే దిక్కున ఉన్నాయంటే అది నిజంగానే కిందుగా పోతోందని అర్థం.

ప్రశ్న: అయితే గద్దలూ విమానాలూ నిజంగా ఒకే ఎత్తుకు వచ్చే చోటే లేదా? (శంషాబాద్ మండలం)

జవాబు: ఉంది. మీరు దాని కిందే నివసిస్తున్నారు. దిగే విమానం సాధారణంగా మూడు డిగ్రీల వాలులో వస్తుంది. అంటే రన్‌వే ఇంకా ఎన్ని కిలోమీటర్లు ఉందో, కిలోమీటరుకు 52 మీటర్ల చొప్పున అంత ఎత్తు. రన్‌వే అంచు దాటేటప్పుడు 15 మీటర్లు ఉంటుంది కాబట్టి అదీ కలపాలి. పది కిలోమీటర్ల దూరంలో సుమారు 540 మీటర్లు, అయిదు కిలోమీటర్ల దూరంలో 280 మీటర్లు. ఎండెక్కిన వేళ గద్దలు గుండ్రంగా తిరిగేది సరిగ్గా ఈ ఎత్తుల్లోనే. ఖమ్మం మేడ మీద నుంచి చూసిన దృశ్యం కంటి భ్రమ. మీ ఊరి మీద అదే దృశ్యం కనిపిస్తే భ్రమ కాకపోవచ్చు.

వేళ కూడా ముఖ్యం. నేల వేడెక్కి, వేడిగాలి పైకి లేవడం మొదలైతేనే గద్ద రెక్క ఆడించకుండా ఎత్తుకు పోగలదు. అది ఉదయం తొమ్మిది, పది మధ్య మొదలై సాయంత్రానికి తగ్గిపోతుంది. తెల్లవారుజామున గద్దలు చెట్ల మీదా టవర్ల మీదా కూర్చుని ఉంటాయి.

ప్రశ్న: పిట్ట ఎంత, విమానం ఎంత? కిలో కూడా లేని గద్ద తగిలితే అంత పెద్ద విమానానికి ఏమవుతుంది? (నంద్యాల)

జవాబు: ఇక్కడ చూడాల్సింది బరువు కాదు, వేగం. తాకిడి శక్తి బరువుతో పాటు పెరుగుతుంది, వేగంతో మాత్రం వర్గంగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలు. దిగుతున్న జెట్ సెకనుకు 70 మీటర్ల వేగంతో ఉందనుకోండి. 800 గ్రాముల గద్ద తగిలితే వచ్చే శక్తి 1,960 జౌళ్ళు. ఇరవై కిలోల బియ్యం బస్తా మూడో అంతస్తు నుంచి, అంటే పది మీటర్ల ఎత్తు నుంచి, నెత్తిన పడితే వచ్చే శక్తి అదే. విమానం 250 నాట్ల వేగంతో, అంటే సెకనుకు 129 మీటర్లతో పోతుంటే అదే గద్ద దెబ్బ 6,600 జౌళ్ళు దాటుతుంది. పదివేల అడుగుల కింద 250 నాట్లు మించకూడదన్న పరిమితి ప్రధానంగా విమానాల రద్దీ కోసం పెట్టిందే అయినా, పక్షుల విషయంలోనూ మేలే చేస్తోంది.

ఈ దెబ్బను ముందే లెక్కలోకి తీసుకుని విమానాలను తయారు చేస్తారు. ప్రయాణికుల జెట్ ముందద్దం 1.8 కిలోల పక్షి పూర్తి వేగంలో తగిలినా పగిలి లోపలికి రాకూడదు. తోక భాగం 3.6 కిలోల పక్షిని తట్టుకోవాలి. ఇంజిన్ సంగతి వేరు. ఒక పెద్ద పక్షిని మింగితే ఇంజిన్ ఆగిపోయినా ఫరవాలేదు కానీ ముక్కలు కవచం చీల్చుకుని బయటికి రాకూడదు, మంటలు అంటుకోకూడదు. మధ్యరకం పక్షుల గుంపును మింగితే ఆగకుండా, ముప్పావు వంతు శక్తితోనైనా నడవాలి. పరీక్షకు పక్షి కళేబరాలను గాలి ఫిరంగిలో పెట్టి పేలుస్తారు.

ఈ పరీక్షలన్నీ గెలిచిన ఇంజిన్లు కూడా ఓడిన రోజు 2009 జనవరి 15. న్యూయార్క్ లాగార్డియా నుంచి లేచిన యూఎస్ ఎయిర్‌వేస్ 1549 విమానం, అదీ ఏ320యే, 2,800 అడుగుల దగ్గర కెనడా బాతుల గుంపులోకి పోయింది. రెండు ఇంజిన్లూ శక్తి కోల్పోయాయి. కెప్టెన్ సల్లెన్‌బర్గర్ దాన్ని హడ్సన్ నది మీద దించాడు, 155 మందీ బతికారు. పరీక్షలు మామూలుగా ఒక ఇంజిన్‌ను దృష్టిలో పెట్టుకుంటాయి, గుంపుకు అలాంటి హద్దు ఉండదు.

గుంపుగా వస్తే చిన్న పిట్టలూ చాలు. 1960 అక్టోబర్ 4న బోస్టన్‌లో లేచిన లాక్‌హీడ్ ఎలెక్ట్రా విమానం స్టార్లింగ్ పక్షుల గుంపును తాకి నీళ్ళలో కూలింది. 62 మంది చనిపోయారు. స్టార్లింగ్ మన గోరింక కుటుంబపు పక్షే. ఇంజిన్లలో దొరికిన ఈక ముక్కలను బట్టి అవి ఏ పక్షులో తేల్చింది స్మిత్సోనియన్ మ్యూజియంలో పనిచేసిన రాక్సీ లేబోర్న్. ఈకలోని సన్నని నూగు నిర్మాణాన్ని మైక్రోస్కోపు కింద పోల్చి పక్షి జాతి చెప్పే విద్యకు దారి వేసింది ఆమే. ఏ పక్షో తెలిస్తేనే అది ఏం తినడానికి వచ్చిందో, దాన్ని రాకుండా చేయడమెలాగో తెలుస్తుంది. పక్షి శాస్త్రం ఇంత సూటిగా మనుషుల ప్రాణాలకు అక్కరకొచ్చిన సందర్భాలు తక్కువ.

ప్రశ్న: గద్ద, విమానం రెండూ ఒకే ఫోటోలో స్పష్టంగా రావాలంటే ఏం చేయాలి? నాకు ఎప్పుడూ ఒకటి మసగ్గా వస్తోంది. (విజయవాడ)

జవాబు: ఫోకస్ లెక్క ఒకసారి తెలుసుకుంటే ఈ బాధ పోతుంది. 400 ఎంఎం లెన్సు, ఫుల్ ఫ్రేమ్ కెమెరా, ఎఫ్ 8 అపెర్చర్ అనుకుందాం. 670 మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే, అందులో సగం దూరం నుంచి, అంటే సుమారు 335 మీటర్ల నుంచి, అనంతం దాకా అన్నీ స్పష్టంగా వస్తాయి. 420 మీటర్ల గద్దా పది కిలోమీటర్ల విమానమూ రెండూ అందులోనే. ఎఫ్ 11 పెడితే 485 మీటర్ల దగ్గర ఫోకస్ చేసి, 240 మీటర్ల నుంచి పట్టుకోవచ్చు. మీది చిన్న సెన్సర్ ఉన్న ఏపీఎస్‌సీ కెమెరా అయితే ఎఫ్ 8 దగ్గర ఈ హద్దు 500 మీటర్లకు పోతుంది. కాబట్టి ఎఫ్ 11 వాడండి.

మీకు ఒకటి మసగ్గా రావడానికి రెండు కారణాలుండొచ్చు. గద్ద వంద, నూటయాభై మీటర్లలో ఉంటే ఏ లెక్కా పనిచేయదు, ఏదో ఒకటే స్పష్టంగా వస్తుంది. ఆ ఫోటో ఆశ వదులుకుని గద్దనే తీసుకోండి. రెండో కారణం ఆటో ఫోకస్. ఖాళీ ఆకాశంలో కెమెరా పట్టు దొరక్క ముందుకీ వెనక్కీ వెతుకుతూ ఉంటుంది. అర కిలోమీటరు నుంచి ముప్పావు కిలోమీటరు దూరంలో ఉన్న సెల్ టవర్ మీదో నీళ్ళ ట్యాంకు మీదో ఫోకస్ చేసి, తర్వాత మాన్యువల్‌కు మార్చి వదిలేయండి. ఫోకస్ రింగు కదలకుండా చిన్న టేపు ముక్క అంటించడం మంచి అలవాటు.

షట్టర్ విషయానికి వస్తే, జారుతున్న గద్దకు, జెట్‌కు సెకనులో 1,250వ వంతు చాలు. రెక్కలు ఆడిస్తుంటే 2,000వ వంతు కావాలి. పంఖాల ఏటీఆర్ విమానానికి మాత్రం ఇది తలకిందులు. ఆరు రెక్కల పంఖా నిమిషానికి 1,200 సార్లు తిరుగుతుంటే, 2,000వ వంతు సెకనులో నాలుగు డిగ్రీలు కూడా కదలదు. ఫోటోలో పంఖా ఆగిపోయి, విమానం గాలిలో వేలాడుతున్నట్టు వస్తుంది. 125వ వంతు పెడితే ఒక్కో రెక్క దాదాపు 58 డిగ్రీలు తిరిగి, రెక్కకూ రెక్కకూ మధ్య ఉన్న 60 డిగ్రీల ఖాళీ నిండుతుంది. అప్పుడు పంఖా గుండ్రని పొరలా కనిపిస్తుంది. అంత నెమ్మది షట్టర్‌కు చేయి విమానంతో పాటు సాఫీగా తిరగాలి, పదింటిలో ఒకటి రెండు బాగా వస్తే సంతోషించాలి. ఎలక్ట్రానిక్ షట్టర్ వాడొద్దు, పంఖా రెక్కలు అరటి పండ్లలా వంగి వస్తాయి.

వెలుగు సంగతి. ఆకాశం ప్రకాశం చూసి కెమెరా వెలుగు తగ్గించేస్తుంది, గద్ద నల్ల మచ్చ అవుతుంది. ఎక్స్‌పోజర్‌ను ముప్పావు నుంచి ఒక స్టాపు పెంచండి. మరీ పెంచితే తెల్ల విమానం పొట్ట మీద ఎండ పడి వివరం పోతుంది. రా ఫైలుగా తీస్తే తర్వాత సరిచేసుకోవచ్చు. మధ్యాహ్నం దూరపు విమానం అలలు అలలుగా వస్తే లెన్సును అనుమానించకండి. అది నేల మీద నుంచి లేచే వేడిగాలి పని. ఉదయం ఎనిమిదిలోపు తీసిన దానితో పోల్చి చూడండి.

చివరిగా, గద్దలను రప్పించడానికి మాంసం ముక్కలు ఎప్పుడూ వేయకండి. విమానాలు దిగే దారిలో అయితే అది ప్రమాదాన్ని చేతులారా పిలవడమే.

ప్రశ్న: నిన్న రెండు విమానాలు ఆకాశంలో ఒకదాని మీదుగా ఒకటి దాటాయి. ఢీకొంటాయేమోనని భయమేసింది. (జగిత్యాల)

జవాబు: వాటి మధ్య కనీసం వెయ్యి అడుగులు, అంటే 300 మీటర్లు ఉండాలన్నది నియమం. తూర్పు వైపు పోయేవి 33,000, 35,000, 37,000 వంటి బేసి ఎత్తుల్లో, పడమర వైపు పోయేవి 34,000, 36,000 వంటి సరి ఎత్తుల్లో ఎగురుతాయి. పది కిలోమీటర్ల కింద నుంచి చూసే మనకు ఆ 300 మీటర్లు కనిపించవు.

ప్రశ్న: జెట్ విమానాల ఎత్తుకు ఎగరగలిగే పక్షులు అసలున్నాయా? (కర్నూలు)

జవాబు: ఉన్నాయి, బహు అరుదు. 1973 నవంబర్ 29న పశ్చిమ ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్‌లో, అబిద్జాన్ నగరం మీద, 37,000 అడుగుల ఎత్తున ఒక విమానానికి రూపెల్ రాబందు తగిలింది. పక్షి అంత ఎత్తున ఉన్నట్టు దొరికిన రుజువుల్లో దాన్ని మించింది లేదు. హిమాలయాలను దాటి చలికాలంలో మన చెరువులకు వచ్చే పట్టీతల బాతును పరికరం కట్టి గమనిస్తే, 7,290 మీటర్ల దాకా పోయినట్టు తేలింది. తల వెనక రెండు నల్ల పట్టీలుంటాయి, గుర్తుపట్టడం తేలిక. అయితే అది కూడా ఊరికే ఎత్తుకు పోదు, కొండల మధ్య ఎంత కిందుగా దారి దొరికితే అంత కిందుగానే పోతుంది.

పక్షులు విమానాలకు తగిలే ఘటనల్లో పదింట తొమ్మిది 3,500 అడుగుల లోపే జరుగుతాయి. కాబట్టి భయపడాల్సిన ఎత్తు అది.

ఒకప్పుడు మన దేశంలో వైమానికులు ఎక్కువగా భయపడింది రాబందులకే. 1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ మన విమానాశ్రయాల చుట్టూ పక్షుల మీద పెద్ద అధ్యయనమే చేసింది. తర్వాత పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు రాబందులను తుడిచిపెట్టేసింది. ఆ మందు ఉన్న కళేబరాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడై రోజుల్లో చస్తుంది. 2006లో పశువులకు ఆ మందు వాడకుండా నిషేధించారు. ఆకాశంలో ముప్పు తగ్గింది కదా అని దీన్ని లాభంగా చూడలేం. కళేబరాలను గంటల్లో శుభ్రం చేసే పక్షి పోయింది, ఆ చోటికి కుక్కలు చేరాయి.

ప్రశ్న: విమానాల రకాలు, గద్దల రకాలు దూరం నుంచి గుర్తుపట్టే చిట్కా చెప్పండి. (రాజమహేంద్రవరం)

జవాబు: రెంటికీ తోక చూడండి. నల్ల గద్ద తోక చివర మధ్యలో చీలి ఉంటుంది, దాన్ని చుక్కానిలా అటూ ఇటూ తిప్పుతూ ఉంటుంది. గరుడ పక్షి తోక గుండ్రం. పెద్ద గరుడ పక్షికి తల, రొమ్ము తెలుపు, మిగతాది ఇటుక రంగు. పిల్ల మాత్రం గోధుమ రంగులో ఉండి నల్ల గద్దలాగే మోసం చేస్తుంది. మలుపు తిరిగేటప్పుడు నల్ల గద్ద తోకను విసనకర్రలా విప్పితే చీలిక మాయమవుతుంది. అది మళ్ళీ మూసేదాకా తొందరపడి తీర్పు చెప్పొద్దు. మీ గోదావరి మీద రెండూ కనిపిస్తాయి. మెడ చాచి ఎగిరే పెద్ద పక్షి అయితే ఎర్రకాళ్ళ కొంగ వంటిది, మెడ వెనక్కి మడిచి ఎగిరితే తెల్ల కొంగో గూడబాతో.

విమానాల్లో ముందు ఏటీఆర్ 72ను పక్కన పెట్టండి. రెక్కలు ఒంటి పైభాగాన, పంఖాలు, తోక ఇంగ్లీషు టీ అక్షరం ఆకారం. ఇక మిగిలేది ఎక్కువగా ఏ320, బోయింగ్ 737 మధ్య తగాదా. 737కి తోక నిలువు రెక్క మొదట్లో ఒక వంపు, మెట్టులా ఉంటుంది. ఏ320కి నున్నగా లేస్తుంది. 737 చక్రాలు మడిచాక వాటికి తలుపులుండవు, కింద నుంచి చూస్తే పొట్ట కింద రెండు నల్లని గుండ్రాలు కనిపిస్తాయి. అంతకన్నా నమ్మకమైన గుర్తు లేదు. బోయింగ్ 787కు ఇంజిన్ వెనక అంచు రంపపు పళ్ళలా, ఏ350కి పైలట్ కిటికీల చుట్టూ నల్ల కాటుకలా ఉంటుంది. 777కు ప్రధాన చక్రాలు ఒక్కో వైపు ఆరు.

బైనాక్యులర్ 8×42 తీసుకోండి. 10 రెట్లది చేతి వణుకును కూడా పది రెట్లు చూపిస్తుంది. సూర్యుడి దగ్గర్లో పోతున్న దాన్ని మాత్రం బైనాక్యులర్‌తో వెంబడించకండి, ఒక్క క్షణం చాలు కంటికి శాశ్వతంగా దెబ్బ తగలడానికి.

ప్రశ్న: ఫోన్ యాప్‌లో విమానం 3,500 అడుగులని చూపిస్తోంది. కానీ మా ఇంటి మీద ఇంకా చాలా కిందుగా కనిపిస్తోంది. యాప్ తప్పా? (శంషాబాద్)

జవాబు: యాప్ తప్పు కాదు. విమానం తన స్థానాన్ని రేడియోలో సెకనుకు దాదాపు రెండుసార్లు చెబుతూ ఉంటుంది. యాప్ దాన్నే చూపిస్తుంది. కానీ ఆ ఎత్తు మీ ఇంటి నేల నుంచి కాదు, ఒక ప్రామాణిక గాలి పీడనం నుంచి లెక్కించింది. మీ నేలే సముద్ర మట్టానికి సుమారు 2,000 అడుగుల ఎత్తున ఉంది. కాబట్టి 3,500 అని చూపిస్తే మీ నెత్తి మీద ఉన్నది 1,500 అడుగులే. వానాకాలం అల్పపీడనంలో ఇంకో రెండు మూడు వందలు తగ్గించుకోవాలి. గన్నవరం వంటి చోట నేల సముద్ర మట్టానికి దగ్గరే కాబట్టి ఈ తేడా చిన్నది.

ప్రశ్న: హైదరాబాద్‌లో విమానాలు చూడడానికి ఎక్కడ, ఎటువైపు నిలబడాలి? ఎవరైనా అభ్యంతరం పెడతారా? (సికింద్రాబాద్)

జవాబు: శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. విమానం గాలికి ఎదురుగా దిగుతుంది. నైరుతి గాలి వీచే వానాకాలంలో ఎక్కువగా తూర్పు నుంచి వచ్చి పడమటి ముఖంగా దిగుతాయి, చలికాలపు తూర్పు గాలికి దీనికి ఎదురు. ముందు చెట్టు ఆకులు ఎటు ఊగుతున్నాయో చూసి బయల్దేరండి. రన్‌వే కొస నుంచి అయిదారు కిలోమీటర్ల దూరంలో, దిగే దారికి దక్షిణంగా నిలబడితే సూర్యుడు మీ వెనక ఉంటాడు. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకు కాస్త ఉత్తరంగా ఉంటాడు, ఆ రోజుల్లో ఉత్తరం పక్కన నిలబడడం మేలు.

ప్రజలు తిరిగే రోడ్డు మీదే నిలబడండి, బండి పూర్తిగా పక్కకు పెట్టండి. ప్రహరీ దగ్గరికి పోవద్దు. బేగంపేట, హకీంపేట, దుండిగల్ వద్ద కెమెరా తీయకండి, అక్కడ రక్షణ శాఖ విమానాలుంటాయి. విశాఖలో నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ డేగ సంగతీ అంతే. డ్రోన్ ఆలోచన అసలే వద్దు. పోలీసులు అడిగితే తీసిన ఫోటోలు చూపించి, వెళ్ళమంటే వెళ్ళిపోవాలి.

ప్రశ్న: మా కాలనీ విమానాశ్రయానికి ఏడు కిలోమీటర్లు. కోడి మాంసం దుకాణాల వ్యర్థాలు ఖాళీ స్థలంలో పోస్తున్నారు, గద్దలు వందల్లో తిరుగుతున్నాయి. తొలకరి వానకు ఇంకా ఎక్కువయ్యాయి. మేం ఏం చేయగలం? (రంగారెడ్డి జిల్లా)

జవాబు: మీ దగ్గర చట్టం బలం ఉంది. 1937 విమాన నియమాల్లోని 91వ నియమం ప్రకారం విమానాశ్రయ కేంద్ర బిందువు నుంచి పది కిలోమీటర్ల లోపల ఆరుబయట పశువులను కోయడం, పక్షులను రప్పించే చెత్త, మాంసం, చేపల వ్యర్థాలు పారవేయడం నిషేధం. ఏడు కిలోమీటర్లు అందులోకే వస్తుంది. స్థలం ఫోటోలు, తేదీ, సమయం, మ్యాపులో గుర్తు, గద్దల లెక్కతో మున్సిపాలిటీకో పంచాయతీకో రాతపూర్వకంగా ఇచ్చి, ఒక ప్రతి విమానాశ్రయ అధికారులకూ పంపండి. లెక్క ఇలా వేయండి: వరసగా అయిదు రోజులు, ఉదయం ఏడింటికీ పదింటికీ మధ్యాహ్నం మూడింటికీ, గాలిలో ఉన్నవెన్ని, కూర్చున్నవెన్ని అని విడిగా రాయండి. "వందల్లో" అన్న మాట కన్నా "పదింటికి 140" అన్న అంకె అధికారిని కదిలిస్తుంది.

దుకాణదారులతో తగవు పెట్టుకోవద్దు, వాళ్ళకు మంచి దారి లేకే అక్కడ పోస్తున్నారు. బిగుతు మూత ఉన్న డ్రమ్ములు, రోజూ ఉదయం ఎనిమిదిలోపు వాటిని తీసుకుపోయే బండి ఏర్పాటైతే సగం సమస్య తీరుతుంది. ఎనిమిదే ఎందుకంటే, వేడిగాలి లేచి గద్దలు పైకెక్కే ముందే నేల ఖాళీ కావాలి. మూత అంగుళం తెరిచి ఉన్నా పేగు ముక్క ఒకటి కనిపిస్తుంది, ఒక గద్ద దిగితే ఆ దిగడం చూసి మిగతావి దిగుతాయి. దుకాణం ముందు కాలువలో నెత్తురు నీళ్ళు నిలవకుండా కడగడమూ అంతే అవసరం.

తొలకరి సంగతి వేరు. తొలి వానలకు పుట్టల్లోంచి ఉసిళ్ళు లేస్తాయి. వాటి కోసం గద్దలు, కాకులు, కొంగలు, పసిరిక పిట్టలు అన్నీ ఒక్కసారి గాలిలోకి వస్తాయి. గద్ద కాలితో పట్టి గాలిలోనే తినేస్తుంది. విమానాశ్రయాల సిబ్బందికి ఏడాదిలో అత్యంత కష్టమైన రోజులివే. గడ్డి ఎత్తు, నీటి గుంతలు, తీతువు పిట్టల గూళ్ళు అన్నీ అదుపులో ఉన్నా, నేలలోంచి లేచే పురుగును ఎవరూ ఆపలేరు. ఆ రెండు మూడు సాయంత్రాలు మీ కాలనీ మైదానంలో పెద్ద లైట్లు అవసరమైనంత వరకే వెలిగించండి. వెలుతురు చుట్టూ రాలిన రెక్కల పురుగుల కుప్పను రాత్రే ఊడ్చి పాతిపెట్టండి. తెల్లారే దాకా వదిలేస్తే ఉదయం కాకులు, ఆ వెనకే గద్దలు అక్కడికే చేరతాయి.